కుక్క ఒకటి, పిల్లి ఒకటి, బుట్టతో సహా

చెన్నై సెంట్రల్ పార్సిల్ ఆఫీసులో
చేపల పెట్టెలకీ చుట్టిన పరుపులకీ మధ్య
బెల్లాన్ని కాటా ఎక్కించాను.
పద్నాలుగేళ్ల కుక్క.
నాలుగు కాళ్లూ ఒకేసారి పళ్లెం మీద నిలపడానికి
ఇద్దరు కూలీలు, ఒక బిస్కెట్టు.
ముల్లు ఇరవై రెండు దగ్గర ఊగి ఊగి ఆగింది.
"పూనై?" అన్నాడు గుమాస్తా, బుట్ట మీదికి వంగి.
మజ్జిగ చెవులు వెనక్కి మడిచి
ఆయన అధికారాన్ని గుర్తించనంది.

"ఊరుకోవే, రైలే కదా" అని నేను గొణిగితే
కళ్లజోడు పైకి నెట్టి
"తెలుగా? మాది నాయుడుపేటమ్మా" అన్నాడు.
రసీదు మాత్రం ఇంగ్లీషులోనే రాశాడు:
కుక్క ఒకటి, పిల్లి ఒకటి, బుట్టతో సహా.

బెంగళూరులో ఆస్పత్రి ఉద్యోగం అనగానే
చూళై వీధి వీధంతా ఒకటే మాట.
"వాటినెవరికైనా ఇచ్చెయ్యరాదూ సుభాషిణీ?"
గ్యాస్కెట్ పోయిన కుక్కరు గురించి అన్నట్టు.

డాక్టర్ తేన్‌మొళి ఒక్కతే అలా అనలేదు.
"పదిహేను రోజుల ముందే మూత తీసి
బుట్టని ఇంట్లో పడెయ్యి. పిల్లి దాన్ని తన గదనుకోవాలి.
ఎక్కే ముందు నాలుగు గంటలు తిండి వద్దు, నీళ్లు సరే.
మెడలో బిళ్ల మీద కొత్త నంబరు కొట్టించు.
లోపల నువ్వు కట్టి విడిచిన చీర పరువు.
ఉతక్కు.
ఉతికితే అది బట్ట. ఉతక్కపోతే ఇల్లు."

నా బతుక్కి ఫస్ట్ క్లాసు ఇదే మొదలు.
కూపే దొరుకుతుందో లేదో చార్టు వచ్చేదాకా తెలీదు.
దొరక్కపోతే బెల్లం గార్డు పెట్టెలో, ఇనప గూట్లో,
నేనెక్కడో.
దొరికింది.
అయినా టీసీ తలుపు తట్టేసరికి నోట్లో తడి లేదు.
టికెట్టు, రసీదు, టీకాల పుస్తకం
ఏది ముందివ్వాలో తెలీక మూడూ కింద పడేశాను.
ఆయనే వంగి ఏరి ఇచ్చాడు.
"అర్ధరాత్రి ఎవరు తట్టినా
ముందు తాడు పట్టుకోండి, తర్వాతే గడియ తియ్యండి."

తిరువలం వంతెన మీద ఇనుము గర్జిస్తే
బెల్లం ఒక చెవి లేపి, దించేసింది.
మజ్జిగ చీరలో ముక్కు దూర్చి సున్నాలా చుట్టుకుంది.
జోలార్‌పేటలో తాడు మణికట్టుకి రెండు చుట్లు తిప్పి
మెల్లగా దింపాను.
"కరుస్తుందా అక్కా?" అని
స్తంభం చాటు నుంచి అడిగిన టీ కుర్రాడు
నిమిషం తిరక్కుండా దాని గడ్డం గోకుతున్నాడు.
టీ మర్చిపోయాడు. డబ్బులు నేనూ మర్చిపోయాను.

తర్వాత అవి రెండూ నిద్రపోయాయి.
నేను పోలేదు.
నలభై ఒక్క ఏళ్లు ఒకే వీధిలో ఉన్నదాన్ని.
కిటికీ అవతల పేరు తెలీని దీపాలు
వస్తున్నాయి, వెళ్తున్నాయి.
పదిహేను రోజుల ముందు
నా కోసం ఎవరూ ఏ మూతా తీసిపెట్టలేదు.

బంగారుపేట దాటాక చలేసింది.
గడియ రెండుసార్లు చూసుకుని
బుట్ట మూత జానెడు ఎత్తి
చీర చెంగు బయటికి లాగాను.
పిల్లి ఒక కన్ను తెరిచింది.
ఇవ్వాలా వద్దా అని కాసేపు ఆలోచించి
కాలు కొంచెం జరిపింది.
కందిపొడి, డెట్టాలు, చూళై వానబురద.
చీర నాదే,
వాసన మాత్రం ముగ్గురిదీ.

తెల్లారకుండానే కంటోన్మెంట్‌లో దిగాం.
మొదటి దీపస్తంభాన్ని బెల్లం చాలాసేపు చదివి
ఎక్కడో నచ్చనట్టు తుమ్మి
కింద తన జవాబు రాసింది.

ఇవాళ మూడో రోజు.
కాక్స్‌టౌన్‌లో కొత్త వంటింటి మూల
బుట్ట తెరిచే ఉంది.
మజ్జిగ ఇంకా బయటికి రాలేదు.
నేను ఆస్పత్రికి వెళ్లి వచ్చేలోపు
గిన్నెలో చేపముక్క మాత్రం
ఎవరో తింటున్నారు.