తరుగు

అరండల్‌పేట నాలుగో లైనులో
జిరాక్సు షాపు మీద మేడ గది.
కరీముల్లా గారి బల్ల మీద
నా ఊపిరితిత్తుల ఫొటో.
లైటుకెత్తి చూశాడు,
కాయ రంగు ఎండకెత్తి చూసే బేరగాడిలా.

"దగ్గు ఎన్నాళ్ల నించి?"
"యార్డులో చేరిన కాణ్నించి."
"అట్టా కాదన్నా, తేదీ కావాలి."

తేదీ ఎవరికి గుర్తు?
ఫిబ్రవరి అయ్యుండాలి, తేజ రకం దిగే రోజులు.
కాటా మీదికి మొదటి టిక్కీ ఎక్కగానే
కళ్లు మండి నీళ్లు కారాయి.
అంకమరావు తన తువ్వాలిచ్చి
"వారం పోతే అలవాటైపోద్దిలే" అన్నాడు.
కళ్లకి అలవాటైంది.
రొమ్ముకి కాలేదు.

పద్నాలుగేళ్లు తూచాను.
తేమకింత, గోతానికింత, మట్టికింత
తరుగు తీసి చీటీ రాసిన చేతులివి.
రైతు నోరు తెరవబోతే
"రూలయ్యా" అన్న నోరిది.
ఇప్పుడు బల్లకి ఇవతల కూచుంటే తెలుస్తోంది
రూలు ఎంత ఎత్తు కుర్చీలో కూచుంటుందో.

మొన్న కొత్తపేట ల్యాబులో
సూది గుచ్చి మచ్చు తీశారు.
మేమూ అంతే.
టిక్కీ పొట్టలోంచి గుప్పెడు కాయ లాగి
లాటు మొత్తానికి తలరాత చెప్పేస్తాం.

ప్రిస్కిల్లా లైప్‌జిగ్‌లో నర్సు.
ఆ భాష పట్టుబడేదాకా
ఏడాదిన్నర ఇంటినిండా చీటీలు అంటించింది,
తలుపుకి తలుపని, ఉప్పుకి ఉప్పని.
ఫ్రిజ్ మీద ఒకటి ఇంకా ఉంది.
ఎట్టా పలకాలో నాకూ తెలీదు, పాపకీ తెలీదు.
పీకబుద్ధి కాలేదు.

ఫారంలో నా పేరు ఎదురుగా
"ఆధారపడిన వ్యక్తి" అని రాశారు.
కెజియా పేరు ఎదురుగానూ అదే.
దానికి ఏడు, నాకు ముప్పైతొమ్మిది,
ఇద్దరం ఒకే గడిలో.
మా అన్నకి చెబితే మీసం మీద చెయ్యేసుకుని నవ్వాడు.
నాకేం చిన్నతనం అనిపించలా.
అన్‌సీజనులో యార్డు మూతబడినప్పుడల్లా
ఆమె జీతం మీదే పడి తిన్నాం,
అప్పుడే ఫారమూ అడగలేదు మమ్మల్ని.

కరీముల్లా చదువుతున్నాడు:
దిగిన రోజు నించి అక్కడి బీమాలో చేరేదాకా
ఒక్క పూట ఖాళీ ఉండకూడదు.
ఆస్పత్రి ఉంది, అంబులెన్సు ఉంది,
ఖర్మగాలి పోతే
దేహాన్ని గుంటూరు చేర్చే ఖర్చూ ఉంది.

"బతికుండి, బెంగ పుట్టి వస్తానంటే?"
"ఆ టికెట్టు మీదే అన్నా."
ఇద్దరం నవ్వాం.
నా నవ్వు సగంలో దగ్గయింది.

అప్పుడొచ్చింది ఆ గడి.
'ముందు నించీ ఉన్న జబ్బులు.'
పెన్ను ఆపి, గొంతు తగ్గించాడు.
"లేదని రాస్తే ప్రీమియం తక్కువ.
ఉందని రాస్తే ఆ ఒక్కటీ వదిలేసి
మిగతావన్నీ చూస్తారు."

అంటే తాలుకాయ.
ఏరి పక్కన పోస్తారు.
తాలు ఏ కాయకా కాయ విడిగా ఉంటుంది కాబట్టి సరే.
నా దగ్గుని నాలోంచి ఏ చాటతో చెరుగుతారు?

రేపు చెబుతానని లేచొచ్చాను.

రాత్రి ఫోను చేస్తే ట్రాములో ఉంది,
డ్యూటీ దిగిన గొంతు.
"ఉందని రాయి.
ఇక్కడ ముందు ఫైలు చదువుతా, తర్వాతే మంచం దగ్గరికెళ్తా.
అబద్ధం ఫైలుతో నువ్వు నాకొద్దు."
కాసేపు ట్రాము చప్పుడు.
"నీ ఇన్‌హేలరు చేతి సంచిలోనే పెట్టుకో.
కింద వేసే పెట్టెలో కాదు."

తెల్లారి, లాట్లు రాకముందు
ఖాళీ కాటా ఎక్కి నిలబడ్డాను.
అరవై మూడు కిలోల నాలుగొందలు.
దగ్గొచ్చింది. అంకెలు కాస్త ఊగి
మళ్లీ అక్కడికే వచ్చి ఆగాయి.
చీటీ రాశాను.
"తరుగెంత తీశావేంది?" అన్నాడు అంకమరావు, బీడీ ఆర్పుతూ.
చెప్పులతో సహా రాశానన్నాను.
చీటీ మడిచి జేబులో పెట్టుకుని
మొదటి టిక్కీ ఎక్కించమన్నాను.