రెండున్నర అంగుళాలు

ప్రొద్దుటూరు బంగారంగడిలో చేరిన నెలే
ఆరువందలు జీతంలో పట్టుకున్నారు.
నల్ల హీల్సు. ఎత్తు రెండున్నర అంగుళాలు.
కొలవను శ్రీవాణి మేడం దగ్గర చిన్న స్కేలుంది.

తొమ్మిదిన్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా
వచ్చినోళ్లు కుర్చీల్లో, నేను నిలువుకాళ్ల మీద.
"కాలిపట్టీలు చూపించు పాపా" అంటారు.
మువ్వలు చిక్కులు తీసి పరుస్తా.
కౌంటరు వెనక నా చీలమండ
నానిన శనగ్గింజ మాదిరి ఉబ్బుంటుంది.

డాక్టరు చీటీ రాసిచ్చినాడు: చదును చెప్పులే వేయాల.
మేడం చదివింది, నాలుగు మడతలు పెట్టింది,
తన జోడు విప్పి చూపించింది.
మడమ కింద దూది. దూది మీద ఎర్రగా.
"పదేండ్లు" అంది.
ఆ పొద్దు స్కేలు సొరుగులోంచి తియ్యలేదు.
మర్నాడు తీసింది.

ఎర్రగుంట్లలో బస్సు దిగి
జోళ్లు చేత పట్టుకుని ఇంటికి నడుస్తా.
మా యమ్మ కుల్లాయమ్మ నాపరాతి గనిలో
ఇరవై రెండేండ్లు వట్టికాళ్లతో బండలెత్తింది.
ఎడమ బొటనవేలికి గోరే లేదు.
బూట్లిప్పించమంటే మేస్త్రీ
"కాళ్లకు కండ్లు లేవా" అన్నాడంట.
నాకేమో వద్దన్నా తొడుగుతారు.

అమ్మ ఆముదం వెచ్చబెట్టి
నా కాలు ఒళ్లోకి లాక్కుంది.
"నిలబడే పనికి అంతెత్తు ఎందుకే?"
"అందానికంట."
"ఎవురికి?"

నేను పలకలేదు.
కింద నాపబండ సల్లగా ఉంది,
అమ్మ ఎత్తిందే కావచ్చు.
రెండు పాదాలూ, మడమలతో సహా,
దాని మీద ఆనించినా.