నలుసు

తాడిపత్రి. నాపరాళ్ల మిషను.
పొద్దున్నే ఓనరు మా అమ్మనెత్తి తిట్టినాడు.

అప్పట్నుంచి రంపం ఒక గీత మీద,
నేనింకో గీత మీద.
సుద్దగీత దాటి అరంగుళం లోపలికి తెగింది బండ,
నా కూలిలోంచి పోయే అరంగుళం.

నీళ్లు పోస్తా పోస్తా మస్తానయ్య అడిగినాడు:
"కంట్లో రాతిదుమ్ము పడితే ఏం జేస్తావప్పా?"
"నలపను."
"మరి?"
"ఊరికే ఉంటా. నీళ్లొస్తాయి. అవే తీసకపోతాయి."
ఆయన ఇంకేం అనలే.

స్విచ్చి ఆపినా.
బ్లేడు ఒక్కసారిగా నిలబడదు.
ఈల, ఆనక మూలుగు,
ఆనక ఒక్కో పన్నూ లెక్కకొచ్చేంత నిదానం.

మళ్లా సుద్దముక్క తీసుకున్నా.
పందొమ్మిదేళ్ల చెయ్యి, ఇంకా కొంచెం వణుకు.

తిట్టు ఆడ్నే ఉండాది.
గీత కూడా
కనపడతాండాది.