బరువుల చిట్టా

తాల్కవానో యార్డులో
పొగమంచు తెరిపివ్వకముందే నా కొట్టు తెరుస్తాను.
ఓడ దిగే ప్రతి వస్తువూ, ఎక్కే ప్రతి వస్తువూ
నా కాటా మీద ఒక్క క్షణం నిలబడాలి,
మోటారైనా, మేకైనా.

ఇప్పుడు రెండో డాకులో పాత ఫ్రిగేటు.
వేరే దేశం వాడి వదిలేస్తే
మావాళ్లు కొని పేరు మార్చుకున్న ఓడ.
రంగు గీకిన చోటల్లా పరాయి అక్షరాలు బయటపడతాయి:
"ఈ తలుపు ఎప్పుడూ మూసి ఉంచవలెను."
ఎవరికి చెప్పారో, వాళ్లకిప్పుడు
ఏ తలుపులు గుర్తున్నాయో.

కొత్త క్షిపణులు వస్తున్నాయని
ముందు డెక్కు కోశారు.
పాత లాంచర్ని క్రేను పైకి లాగుతుంటే
అందరం మెడలెత్తి నిలబడ్డాం.
కదిలిన పన్నులా కాసేపు మొరాయించి ఊడొచ్చింది.
కింద గుంటలో తుప్పునీళ్లు, ఒక టీ చెంచా.
రాశాను:
లాంచరు, తొమ్మిది టన్నుల నాలుగు వందల కిలోలు.
చెంచా, ఇరవై రెండు గ్రాములు.

ఓడని తూచే కాటా లోకంలో లేదు.
అందుకే డాకులోకి తేకముందు, గాలి పడిపోయిన ఒక ఉదయం,
డెక్కు మీద ఇనుప దిమ్మెల్ని
ఈ పక్క నుంచి ఆ పక్కకి జరిపి చూశారు.
లోపల తాడుకి కట్టిన గుండు
నూనె బకెట్లో ఎంత జరిగిందో
ఊపిరి బిగబట్టి కొలిచాడు ఇంజనీరు ఓయర్సున్.
లెక్క చూసి నా వైపు తిరిగాడు:
"ముప్ఫై ఒక్క టన్నులు ఎక్కువుంది.
ఏ చిట్టాలోనూ లేదు."
దొంగని చూసినట్టే చూశాడు.

పైబరువు మితిమీరితే
దక్షిణాన ఆ పిచ్చి సముద్రంలో
పక్కకి వాలిన ఓడ మళ్లీ లేవదు.
కొత్త గొట్టాలు ఎక్కాలంటే పాతదేదో దిగాలి.

సగం దొరికింది, చచ్చిన తీగలు.
పీకకుండా వాటి మీదే కొత్తవి పరుచుకుంటూ పోయారు.
మిగతాది ఎక్కడుందో
ఎర్సిలియా వెంచుల్ చెప్పింది, నవ్వుతూ:
"అది నేనే."

ఇరవై ఏడేళ్లు ఈ ఓడకి రంగులేసిన మనిషి.
రిటైరయ్యాక గీకడానికి రోజుకూలీకి పిలిచారు.
పొర మీద పొర, పొర మీద పొర,
గోడ నుంచి లేచిన పెచ్చు బొటనవేలంత మందం.
దాని అంచు నాకు చూపించింది:
"ఈ ఆకుపచ్చ, సముద్రం యార్డులోకి నడిచొచ్చిన ఏడాదిది.
బురద కడగడానికే నెల పట్టింది.
ఈ బూడిదరంగు డబ్బా తేడాగా వచ్చింది, తిట్లు తిన్నాం.
ఈ తెలుపు వేసేటప్పుడు నా పెద్దది కడుపులో ఉంది,
వాసన పడక
ముక్కుకి నిమ్మతొక్క కట్టుకున్నాను."

గోతాలకి గోతాలు దిగాయి ఆమె పనిదినాలు.
పదమూడు టన్నుల దాకా రాసి
నా వేళ్లు తిమ్మిరెక్కాయి.
చివరి రోజు ఒక పెచ్చు అడిగింది, ఇంటికి.
రూలు రూలే, కాటా మీద పెట్టాను.
పదకొండు గ్రాములు.
రుమాల్లో చుట్టుకుని వెళ్లిపోయింది.

క్షిపణులు రాత్రిపూట వచ్చాయి,
సీలు వేసిన పెట్టెల్లో, తుపాకుల మధ్య.
కాటా తుడిచి సున్నాకి తెచ్చి పెట్టుకున్నాను.
"అక్కర్లేదు," అన్నాడొక కుర్ర లెఫ్టినెంటు,
మర్యాదగానే.
"బరువు కాగితంలో ఉంది, ఎక్కించుకోండి."
ఎక్కించుకున్నాను.
తూచినవారి సంతకం అన్న గడి మాత్రం
ఎంతసేపు చూసినా నా కలానికి అందలేదు.

ఓడ నీళ్లలోకి దిగిన రోజు
గీత దగ్గర సరిగ్గా ఆగింది.
అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను.
తిరిగొచ్చేసరికి నా కాటా మీద
ఒక పెలికాన్ వాలి ఉంది, రెక్కలు ఆరబెట్టుకుంటూ.
ఆరు కిలోల రెండు వందలు.
అలవాటుగా కలం తీశాను.
అది నా వైపు ఒక కంటితో చూసి
ఇంకో కాలు మీదకి బరువు మార్చింది.
ముల్లు కదల్లేదు.