మూడో ఏడాది వేలు

కాశీబుగ్గలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు నాది.
ఆదివారం మాత్రం షట్టరు దించేసి
జానెడున్నర కారొకటి చంకలో పెట్టుకుని
తిత్లీ గాలికి రేకులెగిరిపోయి
మళ్ళీ తెరవని జీడిపప్పు ఫ్యాక్టరీకి పోతాను.

పిక్కలు ఎండబోసే గచ్చే మా ట్రాక్.
పాత నీళ్ల పైపులు వంచి మలుపులు వేశాం,
గోనెసంచుల్లో ఇసుక నింపి గోడలు కట్టాం.
గచ్చు చూడ్డానికి నున్నన.
అరచెయ్యి రాస్తే తెలుస్తుంది,
ఆకురాయి.

ఎన్ని టైర్లు తిన్నదో!
మొదట మెత్తనివి కొన్నాను,
పసుపు చుక్కవి, జత తొమ్మిది వందలు.
రెండు నిమిషాలు బల్లిలా పట్టుకున్నాయి.
మూడో నిమిషానికి బొడిపెలు అరిగి
నాలుగుకి లోపలి స్పాంజి తొంగిచూసి
ఐదుకి నా బండి
కల్లుపాక నుంచి ఇంటికెళ్తోంది.
కసి కొద్దీ గట్టివి కొన్నాను.
అవి అరగలేదు. పట్టనూ లేదు.
తొలి మలుపులోనే గోనెలెక్కి బోల్తాపడి
నాలుగు చక్రాలూ ఆకాశంలో తిప్పుకుంటూ ఉండిపోయింది
వెల్లకిలా పడ్డ పేడపురుగు.

మా పిన్ని అసిరితల్లి
ఇరవై రెండేళ్లుగా పిక్కలు కొడుతోంది.
పెంకులో నూనె ఉంటుంది, చర్మాన్ని కాలుస్తుంది.
చేతులకి బూడిద రాసుకుని కూర్చుంటుంది.
ఆ తొమ్మిది వందలు ఆమెకి ఎన్ని రోజులో
నేను లెక్క కట్టలేదు. ఆమె కట్టే ఉంటుంది.

శనివారం రాత్రి మంచం మీద మూడు జతలు పరిచి
గోళ్లు కొరుక్కుంటున్నాను.
మర్నాడు ఇచ్ఛాపురం అన్నదమ్ములొస్తున్నారు,
ఎనిమిది నిమిషాల ఫైనలు.
పిన్ని గంజి వార్చి వచ్చింది.
"ఏటిరా ఇయి, గారెలా?"
చెప్పాను. మెత్తనిది ఎందుకు అరుగుతుందో
గట్టిది ఎందుకు జారుతుందో
పట్టూ మన్నికా ఒకే ఇంట్లో కాపురం చెయ్యవని.
వినలేదు. బొటనవేలు పెట్టి నొక్కింది,
మెతుకు పట్టి చూసినట్టు.

"ఇది నాను పన్లోకెల్లక ముందరి వేలు.
ముద్దొస్తాది గానీ రెండ్రోజులాగదు."
పసుపు చుక్క పక్కకి పోయింది.
"ఇదేమో ఇప్పటిది.
దీనికి ఏడీ తెల్దు, సల్లా తెల్దు."
గట్టిదీ పోయింది.
నీలం చుక్కదాన్ని నొక్కి, వాసన చూసి,
చెంపకి రాసుకుని, చాలాసేపు ఏమీ అనలేదు.
"ఇది మూడో ఏడాది వేలురా.
అప్పటికి సెయ్యి కాయ కాసింది.
పిక్క జారీది కాదు.
పాపనెత్తుకుంటే గీసుకునీదీ కాదు."

నీలానివే ఎక్కించాను.
రిమ్ము అంచుని గరుకు కాగితంతో రుద్ది
స్పాంజి ముడత పడకుండా సర్ది
చుక్కచుక్కగా ఫెవిక్విక్.
ఒక చుక్క నా వేలి మీద పడి ఎండిపోయింది.
గంటసేపు నా ఫోను నన్ను గుర్తుపట్టలేదు.

పందెంలో ఇచ్ఛాపురం చిన్నోడు
మూడు నిమిషాల్లో సగం చుట్టు ముందున్నాడు.
నేను వేలు బిగించుకుని ఊరుకున్నాను.
ఐదో నిమిషంలో వాడి బండి తోకాడించింది,
ఆరులో దాటాను.
ఏడులో పెద్దోడు, ఎక్కణ్ణుంచొచ్చాడో,
లోపలి వైపు నుంచి నన్ను దాటేశాడు.
ఏ టైరన్నా అంటే నవ్వి తువ్వాలు కప్పాడు.

రెండో బహుమతి స్టీలు కేరేజీ.
పిన్ని మూత తీసి, వాసన చూసి, సంచిలో వేసుకుంది.
నేను బండి తిరగేసి చూశాను.
బొడిపెలు సగం మిగిలాయి.
"ఇంకా మూడు ఆదివారాలొస్తాయి పిన్నీ!"

సోమవారం రేషను డిపో.
వేలు పెట్టింది, మిషను ఎర్రగా మెరిసింది.
చీరకి తుడిచి పెట్టింది.
తలనూనె రాసి పెట్టింది.
ఎడమది పెట్టింది.
వెనక లైను గొణుగుతోంది.
డీలరు మళ్ళీ పెట్టమ్మా అన్నాడు.

పిన్ని నా వైపు తిరిగింది.
"ఒరే, నీ నీలం సుక్కదేదీ? ఎల్లి పట్రా.
దానికింకా సగముందన్నావు కదేటి."