చచ్చిన సున్నం

పెట్టెలో నూట ఎనిమిది పరమాణువులు,
సగం కాల్షియం, సగం ఆక్సిజన్.
పెట్టెకి ఊరు లేదు, వాకిలి లేదు.
కుడిగోడ దాటినది ఎడమగోడలోంచి
మళ్ళీ లోపలికే వస్తుంది.
పైనుంచి ఒక బొగ్గుపులుసు వాయువు అణువుని వదిలాను.
కర్రలా బిగుసుకుని దిగింది,
సున్నం తగలగానే నడుం వంచి కూర్చుంది.
ఒకటింబావు ఎలక్ట్రాన్ వోల్టు, అంది కంప్యూటరు
పదకొండు గంటలు ఆలోచించి.

కాకినాడలో ఆ రాత్రి రెండుసార్లు కరెంటు పోయింది.
యూపీఎస్ కీచుమంటుంటే
దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాను,
జ్వరమొచ్చిన పిల్ల నుదుటి మీద వేసినట్టు.

పట్టడం కాదు కష్టం, పట్టింది వదిలించి
మళ్ళీ పట్టించడం.
కాల్చితే వదుల్తుంది. చల్లారితే పడుతుంది.
మళ్ళీ కాల్చాలి.
ఇరవయ్యో తిప్పుకి నా సున్నపు గింజలు
ఒకదాన్నొకటి కరుచుకుని ముద్దయ్యాయి,
గాలి దూరే సందులన్నీ పూడిపోయాయి.
గ్రాఫు రేవుమెట్లు దిగినట్టు దిగింది.
మూడు వారాలు కోడ్‌లో తప్పు వెతికాను.
తప్పు లేదు. అదే బాధ.
నా సిద్ధాంతంలో సున్నంలోకి ఎముక మిగల్లేదు.

తాళ్ళరేవు దాటాక, మడ అడవికి ఇవతల,
గుల్లలు కాల్చే బట్టీ ఒకటి ఇంకా ఉందని
ల్యాబ్ అటెండరు అబ్బులు చెప్పాడు.
శాంపిల్ కోసం వెళ్ళాను.

ఆటు తీసిన బురదలో మోకాళ్ళ లోతున
నూకరత్నం.
గంప దించి, చేతులు పావడాకి తుడుచుకుని
నేను చెప్పిందంతా విన్నది.
"ఎక్కువ కాలితే అంతేనండి.
చచ్చిన సున్నం అంటాం.
నీళ్ళు పోసినా ఉలకదు పలకదు."
పారేస్తారా?
"పారెయ్యడమేటండీ, గుల్ల ఊరకే వస్తదా!
గోతిలో ఏసి, నీళ్ళు చల్లి, తడిగోనె కప్పి
నాలుగు రోజులు దాని మానాన వదిలేస్తాం.
లోపల్నించి పగుల్తది.
పగిలిందంటే బతికినట్టే."

మీ బట్టీ వదిలే గాలినే
నేను పట్టాలని చూస్తున్నానమ్మా
అని చెప్పబోయి మానేశాను.
ఆమె వెనక అప్పుడే వెల్ల వేసిన గోడ.
గుల్లలోంచి పోయినదాన్ని
గుటక గుటకగా వెనక్కి తాగుతోంది,
ఏళ్ళ తరబడి తాగుతుంది.
కింద రాజేసిన బొగ్గు పొగ మాత్రం
ఎవరూ తాగరు.
ఆ లెక్క కూడా నా దగ్గర ఉంది,
ఆమెకి చూపించలేదు.

మృగశిర ముందు ఉక్క.
బస్సులో ఒళ్ళో పెట్టుకున్న పొట్లం
కోరంగి దాటేసరికి వెచ్చబడింది.
యానాం వైపు నుంచి వచ్చిన తేమగాలి
కిటికీలోంచి తాగి తాగి
సున్నం ఉబ్బి, కాగితం చిరిగి,
నల్లచీర మీద తెల్లగా రాలింది.
పక్కసీటాయన "ఏంటమ్మా అది, కాలిపోద్ది" అని
కండువాతో దులపబోయాడు.
ఉండనివ్వండి, అన్నాను.
చీరెకి చిన్న చిల్లు పడింది. ఇప్పటికీ ఉంది.

ఆ రాత్రి
ముద్దైపోయిన గింజల మధ్య
పన్నెండు నీటి అణువులు పెట్టాను.
పదమూడోది పెట్టి, తీసేశాను.
మీట నొక్కాను.
నా ముందు క్యూలో ఆరుగురున్నారు,
ఒకడిది బ్యాటరీ పని, ఒకడిది రొయ్యల మేత.

అబ్బులు తాళం వేస్తూ అడిగాడు,
పడుతుందా మేడం?

తడిగోనె కప్పాను, అన్నాను.