తడి గోనెపట్టా

ఏప్రిల్ నెల. గుంటూరు మిర్చియార్డు, మూడో గేటు.
గాలికి కూడా గొంతు మండే పూట.
కాటా పక్కన చీటీలు రాసీ రాసీ
నా కళ్ళు తుడుచుకోడానికి
నా చేతికే భయం.

ఖాసింబీ బండి మీద
తడి గోనెపట్టా కింద పడుకున్న సీసాలు,
ఒక్కో మెడలో ఒక్కో గోళీ.
బొటనవేలితో నొక్కితే
కీచుమని ఏదో పిట్ట ఎగిరిపోతుంది,
నురగ మిగులుతుంది.

"రంగు చూసి మోసపోమాకు.
రంగుదేముంది, డబ్బాల్లో అమ్ముతారు.
ఇది వాసన చూడు" అని
సన్నటి నల్లటి సుగంధిపాల వేరు
ముక్కు దగ్గర పెడుతుంది.
తడిసిన కర్పూరం, పాత చెక్కబీరువా,
ఇంకేదో
పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

దోర్నాల బస్సులో మండ్లి గురవయ్య తెస్తాడు.
పోయినేడు మూట, ఈ ఏడు సంచి,
మొన్న తువ్వాలు కొసన కట్టుకొచ్చాడు.
"మొదలంటా పీకేసేవాళ్ళు మోపయ్యారమ్మా.
నేను సగం వేరు భూమికే వదిలేస్తా.
మళ్ళీ దాని మొహం చూడాలిగా."

నాకు షుగరు.
"వేరు మంచిదేనయ్యా, అందులో పాకం సంగతేంటి?"
అన్నాడు కొత్తపేట డాక్టరు.
అప్పట్నుంచి నాకు పాకం లేని కషాయం,
స్టీలు గ్లాసులో, అణా కాణీ తగ్గకుండా
అదే ధర.

తొడిమలు తీసే సలోమి
సీసాని ముందు అరచేతుల మధ్య దొర్లిస్తుంది.
మంట కాస్త దిగాకే మూత తీయమంటుంది.
"ఒంటికి వెళ్తే నిప్పేనక్కా.
ఇది తాగితే చలవంట గదా."

ఖాసింబీ సీసా ఇవ్వలేదు.
"పొద్దున్నుంచి నీళ్ళెన్ని తాగావు?"

సలోమి యార్డు వైపు చూసింది.
వెయ్యి బస్తాలకి నీడుంది,
వందమంది ఆడవాళ్ళకి చాటు లేదు.
నీళ్ళు తాగితే ఎక్కడికి పోవాలి?

నేను చీటీలు లెక్కపెడుతున్నట్టు నటించాను.
పన్నెండేళ్ళుగా ఇక్కడే ఉన్నాను,
ఒక్కసారీ తట్టలేదు.

ఖాసింబీ ఏమీ అనలేదు.
సీసాల మీది గోనెపట్టా లాగి పిండి
గోడ మేకుకి ఒక కొస,
బండి కమ్మీకి ఒక కొస
గట్టిగా ముడేసింది.

ఆ పూట సీసాలన్నీ వేడెక్కాయి.
బేరగాళ్ళు గొణిగారు.
సలోమి రెండు గ్లాసులు
ఉత్త మంచినీళ్ళు తాగింది,
ఇంకో గ్లాసు అడిగింది.